కర్ర, కట్టె, కలప, చెక్క ఒకటేనా? టేకు కొనేముందు తెలుసుకోవలసిన మాటలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇల్లు కడుతున్నారు, ప్రధాన ద్వారం 7×4 అడుగులు. ద్వారబంధాలకూ తలుపులకూ టేకు కొందామని రెండు మూడు అడితులు (కలప అమ్మే చోట్లు) తిరిగారు. ఒకాయన కర్ర అన్నాడు, ఇంకొకాయన కట్టె అన్నాడు, కాగితం మీద కలప అని ఉంది. మధ్యలో చేవ, తెలుపు, పట్టా, సీపీ, పచ్చి, అడుగు అంటూ మాటలు దొర్లాయి. వీటిలో తేడా ఉందా, ఉంటే కొనేవాళ్ళకు ఏ మాట ముఖ్యం?

సూటిగా చెప్తాను. కర్ర, కట్టె, కలప మూడూ ఒకే సరుకు. తేడా ఊరిని బట్టి, మాట్లాడే సందర్భాన్ని బట్టి వచ్చిందే. మాను, దుంగ, సైజు, పలక మాత్రం ఒకటి కావు. అవి చెట్టు కూలిన దగ్గర్నుంచి మీ గుమ్మంలోకి వచ్చేదాకా కర్ర దాటే దశలు. మీ డబ్బు నిలిచేదీ పోయేదీ నాలుగు మాటల దగ్గర: చేవ, ఆరింది, అడుగు, రకం. ఈ నాలుగింటికీ అర్థం తెలిస్తే ఏం అడగాలో, ఎక్కడ గీకి చూడాలో మీకే తెలుస్తుంది. నాలుగూ బిల్లు మీద రాయించుకోండి.

కర్ర, కట్టె, కలప

గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు వడ్రంగి "ఏం కర్ర వాడదామండీ?" అని అడుగుతాడు. అక్కడ కర్ర అంటే చేతిలో పట్టుకునేది కాదు, పదార్థం. వేప కర్ర, పనస కర్ర, టేకు కర్ర. తెలంగాణలో అదే పదార్థం కట్టె. కోత మిల్లు కూడా కట్టెకోత మిషనే. కోస్తావాళ్ళకు కట్టె అనగానే పొయ్యి గుర్తొస్తుంది, లేదా పాడె గుర్తొస్తుంది. ఒంటిని కూడా "ఈ కట్టె" అంటారు కదా. అందుకని హైదరాబాదులో "టేకు కట్టె" అంటే పొయ్యిలోకి పోయే నాసిరకం అనుకోనక్కర్లేదు. ("కట్టె, కొట్టె, తెచ్చె"లో కట్టెకు దీనితో సంబంధం లేదు. అది వారధి కట్టడం.)

కలప కాగితాల మాట. అటవీశాఖ, టెండర్లు, పత్రికలు వాడతాయి. పనికి వచ్చే కర్రకే ఆ పేరు. మంటలోకి పోయేదాన్ని అదే కాగితాల్లో వంటచెరకు అంటారు. దారువు పుస్తకాల్లో మిగిలింది. వృక్షశాస్త్రంలో చెట్టు లోపల నీటిని పైకి మోసే కణజాలం పేరు కూడా అదే. కాష్ఠం శ్మశానానికే మిగిలింది.

మాను నుంచి పలక దాకా

మాను అంటే ముక్కలు చేయని నిండు చెట్టు, లేదా దాని బోదె. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నప్పుడు అది నిలబడి ఉన్న చెట్టు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కూడా అంతే. విజయనగరం పైడితల్లి జాతరలో ఊరేగించేది కూల్చి తెచ్చిన చింతమాను. కూలిన తర్వాత కూడా దాన్ని సిరిమాను అనే అంటారు, సిరిదుంగ అనరు. ఎందుకంటే దాన్ని ముక్కలు కోయరు, పొడవు పొడవుగానే ఉంచుతారు. ఆకులూ కొమ్మలూ పోయి ఎండి నిలబడింది మోడు. నరికాక నేలలో మిగిలింది మొద్దు. పొట్టిగా లావుగా ఉన్న ముక్కను కూడా మొద్దు అనే అంటారు.

మానును రవాణాకు వీలుగా పొడవుల్లో కోస్తే దుంగలు. దుంగను నాలుగు వైపులా చదును చేసి 5×3, 5×4, 4×3 అంగుళాల కొలతల్లో కోస్తే అడితిలో వాటిని "సైజులు" అంటారు. వెడల్పుగా పలచగా కోస్తే పలక లేదా బల్ల. సన్నగా పొడవుగా కోస్తే పట్టె. కోయకుండా చీల్చితే బద్ద. వెదురుది బద్దే అవుతుంది, పట్టె కాదు. చీల్చినప్పుడు పీచు తెగదు, అందుకే బద్ద వంగుతుంది గానీ విరగదు. రంపం పీచును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. తట్టలూ దడులూ అల్లడానికి కోసిన పట్టె పనికిరాకపోవడానికి కారణం అదే.

చెక్క సంగతి వేరు. చెక్కగా వచ్చిన పలుచని ముక్క, లేదా కోసిన సగం, ఏదైనా చెక్కే. కొబ్బరిచెక్క, నిమ్మచెక్క, గానుగ కింద వచ్చిన తెలగచెక్క, నూనెలో వేగిన పప్పుచెక్కలు. దాల్చినచెక్క అసలు కర్రే కాదు, బెరడు. అంటే చెక్క అన్నది ఆకారానికి పేరు, పదార్థానికి కాదు. ఇది మాటల పట్టింపు అనుకోవద్దు. కాంట్రాక్టరు ఎస్టిమేటులో "చెక్క తలుపు" అని రాస్తే అది నిండు టేకు కావచ్చు, ఫ్లష్ డోరు (చట్రం మీద ప్లైవుడ్ అదిమినది) కావచ్చు, పొట్టును జిగురుతో అదిమిన బోర్డు మీద టేకు పొర అతికించింది కావచ్చు. మూడూ చెక్కే, ఆయన అబద్ధం ఆడినట్టు కాదు. "నిండు టేకు, అతుకు పొర లేదు" అని రాయించుకోండి.

కొయ్య ఇప్పుడు అడితిలో వినబడదు. తయారైన వస్తువులో బతికింది: కొయ్యబొమ్మ, కొయ్యగుర్రం. వరి కోశాక నేలలో మిగిలేవి కొయ్యకాళ్ళు, నిశ్చేష్టుడైనవాడు కొయ్యబారిపోతాడు. బొమ్మలవాళ్ళు పదార్థాన్ని పేరు పెట్టి పిలుస్తారు. కొండపల్లిలో తెల్లపొణికి, ఏటికొప్పాకలో అంకుడు కర్ర, బొబ్బిలి వీణకు పనస. పొణికి చాలా తేలిక, ఉలికి వెన్నలా లొంగుతుంది. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. బొబ్బిలిలో అతుకు లేకుండా ఒకే మానులో తొలిచిన వీణను ఏకాండి వీణ అంటారు. ఆ ఒక్క మాటలోనే పని పద్ధతి అంతా ఉంది.

చేవ

దుంగను అడ్డంగా కోసి చూడండి. నడుమ ముదురు రంగు, చుట్టూ తెల్లటి వలయం. నడుమది చేవ. చుట్టూ ఉన్నదాన్ని అడితిలో తెలుపు, తెల్లచెక్క, కొన్ని చోట్ల "వైట్" అంటారు. చెట్టు బతికి ఉండగా నీరు మోసేదీ పిండిపదార్థం నిల్వ ఉంచుకునేదీ ఆ తెల్లభాగమే. వయసు పెరిగేకొద్దీ లోపలి పొరలు ఆ పని మానేస్తాయి. వాటిలో నూనెలు, రంగు, చేదు పదార్థాలు నిండుతాయి. అదే చేవ దేరడం. మనిషిని చేవ ఉన్నవాడు, చేవ చచ్చినవాడు అనేది ఇక్కడి నుంచే.

టేకును చెదలు అంత తేలిగ్గా ముట్టవు అనే మాట చేవకే వర్తిస్తుంది. టేకులో తెలుపు మామూలు కర్రే. అందులో పిండి ఉంటుంది, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది. "టేకు పెట్టించినా పుచ్చింది" అని వాపోయేవాళ్ళ ఇంట్లో చూస్తే పుచ్చింది దాదాపు ఎప్పుడూ తెల్లభాగమే.

టేకు చేవ బంగారు గోధుమ రంగు, గాలి తగిలేకొద్దీ ముదురుతుంది. తెలుపు లేతపసుపుగా ఉంటుంది, తేడా కంటికి కనిపిస్తుంది. అందుకే కొందరు సైజుల మీద ఎర్రరంగో నూనె కలిపిన కావిరంగో పూస్తారు. అడ్డకోత చివర చూడండి. అక్కడా రంగు ఉంటే ఉలి అంచుతో మూలల మీద నాలుగు చోట్ల గీకండి. తెలుపు ఎప్పుడూ దుంగ అంచు నుంచే వస్తుంది, కాబట్టి సైజులో అది మూలల దగ్గరే దాక్కుంటుంది. నడుమ గీకి చూసి సంతోషపడితే ప్రయోజనం లేదు.

ఎంత తెలుపు ఒప్పుకోవచ్చు? తలుపు రెక్కలకు అసలు వద్దు. ద్వారబంధానికి ఒక్క మూల అర అంగుళం లోపు గీతలా ఉంటే ధర తగ్గించి తీసుకోవచ్చు. తెలుపు ఉన్న మూలను గోడవైపు దాచమని చాలామంది చెప్తారు. నేనైతే ఒప్పుకోను. చెదలు వచ్చేదే గోడ నుంచి. ఆ మూలను గది వైపు పెట్టి, కంటికి కనిపించేలా ఉంచి, మందు పెట్టి పాలిష్ చేయించండి. పుచ్చు మొదలైతే పిండి రాలుతూ వెంటనే తెలుస్తుంది.

మందు అంటే: 10 లీటర్ల వేడినీటిలో 200 గ్రాముల బోరిక్ ఆమ్లం, 300 గ్రాముల బోరాక్స్ కరిగించి, చిత్రిక పట్టిన తర్వాత, పాలిష్‌కు ముందు, మూడు సార్లు పూయాలి. ప్రతి పూతా ఆరాక ఇంకొకటి. ఇది ఇంటి లోపలి కర్రకే. వాన తగిలే చోట నీటితో కొట్టుకుపోతుంది. చేతి తొడుగులు వేసుకోండి, పిల్లలకు అందకుండా ఉంచండి.

అన్ని మాన్లకూ కంటికి కనిపించే చేవ ఉండదు. మామిడి, బూరుగు, పొణికి లోపలా బయటా ఒకేలా ఉంటాయి. "ఇది చేవ మామిడి" అని అడితివాళ్ళు అంటే ఆ మాటకు డబ్బు కట్టకండి. టేకులో కూడా తోటల్లో పెంచి చిన్న వయసులో నరికిన దుంగకు చేవ సన్నగా ఉంటుంది. పట్టా టేకు, అంటే సొంత భూమిలో పెంచింది, చౌక కావడానికి ముఖ్య కారణం ఇదే. పాతిక, ముప్పై ఏళ్ళు నిలిచిన పట్టా టేకులో మంచి చేవ దొరుకుతుంది. పేరు చూసి కొట్టేయకండి, అడ్డకోత చూడండి.

పచ్చి, తడి, ఎండు, ఆరిన

తెలుగులో ఇంత చక్కటి మాటలుండగా అందరూ "డ్రై అయిందా" అని అడిగి మోసపోతున్నారు. నాలుగు మాటలు, నాలుగు స్థితులు.

పచ్చి అంటే చెట్టులో ఉన్న నీరు ఇంకా కణాల్లోనే ఉండటం. తడి అంటే ఆరిన కర్ర వానలో తడవడం. తడి పైపైనే ఉంటుంది, నాలుగు రోజులు గాలికి పెడితే పోతుంది. పచ్చి అలా పోదు. వానలో తడిసిన పాత దూలాన్ని చూసి భయపడనక్కర్లేదు. పైకి పొడిగా ఉన్న పచ్చి సైజును చూసే భయపడాలి.

ఎండు అంటే చెట్టు చచ్చి నిలబడి ఎండింది. అడితిలో కొందరు దీన్ని "చెట్టు మీదే ఆరింది, ఇంకా మంచిది" అని అమ్ముతారు. ఒప్పుకోకండి. నిలబడి ఎండిన చెట్టుకు లోపల చెమ్మ అలాగే ఉండగా పైన పగుళ్ళు రావచ్చు, పురుగు అప్పటికే చేరి ఉండొచ్చు.

ఆరిన అంటే కోసిన తర్వాత నీడలో, గాలి ఆడే చోట, పేర్చి పెట్టి నీరు మెల్లగా పోనిచ్చింది. మీకు కావలసింది ఇదే. వడ్లను ఎండబెడతాం, బట్టలను ఆరబెడతాం. కర్రను ఆరబెట్టాలి, ఎండబెట్టకూడదు. ఎండలో పడేస్తే పైపొర ముందు కుదించుకుంటుంది, లోపలిది కదలదు, అప్పుడు పైపొర చీలక తప్పదు. చివరల నుంచి నీరు పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కాబట్టి చివరలు ముందు పగులుతాయి. చివరలకు చిక్కటి పెయింటో మైనమో పూసేది ఇందుకే.

పేర్చే పద్ధతి: నేల నుంచి అడుగు ఎత్తులో దిమ్మెలు, వాటి మీద మొదటి వరస. వరసకూ వరసకూ మధ్య అంగుళం మందం పట్టెలు, రెండడుగులకొకటి. పై వరస పట్టె కింది వరస పట్టెకు సరిగ్గా మీదే ఉండాలి. పక్కకు జరిగితే ఆ బరువుకు పలకలు అలలా వంగి అలాగే ఆరిపోతాయి. పైన రేకు నీడ, బరువుకు నాలుగు దుంగలు. అంగుళం పలకలు మన ఎండలకు 3, 4 నెలల్లో ఆరతాయి. 3 అంగుళాల సైజుకు ఏడాది దాకా పడుతుంది. అంత వ్యవధి లేకపోతే బట్టీలో ఆరబెట్టిన కర్ర, అంటే కిల్న్ సీజనింగ్ చేసింది అడగండి.

ఎంత ఆరాలి? హైదరాబాదు, కర్నూలు, అనంతపురం లాంటి పొడి చోట్ల 10 నుంచి 12 శాతం తేమ. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరంలో 14 దాకా పరవాలేదు. రెండు ముళ్ళ తేమ మీటరు పలక మధ్యలో గుచ్చండి, చివర గుచ్చితే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. మీటరు లేకపోతే సైజు చివర అడుగు వదిలేసి ఆ తర్వాత చిన్న ముక్క కోయించి తూచండి. ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి మళ్ళీ తూచండి. 130 గ్రాములది 112 అయిందనుకోండి, పోయిన 18ని 112తో భాగిస్తే 16 శాతం. అంటే ఇంకా ఆరలేదు.

పచ్చిది వాడితే ఏమవుతుంది? టేకు పచ్చి నుంచి పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి 5 శాతం దాకా కుదించుకుంటుంది. నడుమ నుంచి బయటికి అందులో సగం. పొడవున దాదాపు ఏమీ ఉండదు. ఈ హెచ్చుతగ్గుల వల్లే పలక దోనెలా వంపు తిరుగుతుంది, సైజు మెలిక తిరుగుతుంది. గుండెకాయ లాంటి నడిమి బెండు సైజు మధ్యలో ఉంటే పగులు ఖాయం. అడ్డకోతలో వలయాలన్నీ ఒక చుక్క చుట్టూ తిరిగి, ఆ చుక్క సైజు లోపలే కనిపిస్తే ఆ ముక్క పక్కన పెట్టించండి.

బాగా ఆరిన టేకు కూడా వానాకాలంలో కొంచెం ఉబ్బుతుంది. 12 అంగుళాల పలకలో తేమ 12 నుంచి 18 శాతానికి పెరిగితే దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పవుతుంది. అందుకే తలుపులోని మధ్య పలకలకు గాడిలో జిగురు పెట్టకూడదు, చుట్టూ అంత సందు వదలాలి. జిగురు పెడితే పలక కదలడానికి చోటు లేక నడుమ చీలుతుంది. ఇది కర్ర లోపం కాదు, పనిలో లోపం. తలుపు రెక్కలను గోడలకు ప్లాస్టరింగు అయ్యి నీళ్ళు కొట్టడం ఆగిన తర్వాతే బిగించండి. గుమ్మం ముందే నిలబెట్టక తప్పదు కాబట్టి గోడకు ఆనుకునే మూడు వైపులా ప్రైమరో తారో పూయించండి.

అడుగు

అడితిలో అడుగు అనే మాటకు మూడు అర్థాలున్నాయి, ధర చెప్పేటప్పుడు ఏదన్నది చెప్పరు. సైజులకు ఘనపుటడుగు, దాన్నే సీఎఫ్టీ అంటారు. పలకలకూ ప్లైవుడ్‌కూ చదరపుటడుగు. బీడింగులకూ పట్టెలకూ పొడవు అడుగు. అంగుళం మందం పలకలు 12 చదరపుటడుగులైతే ఒక ఘనపుటడుగు. కాబట్టి చదరపుటడుగు ధరను 12తో గుణించి సైజుల ధరతో పోల్చి చూడండి.

సైజుల లెక్క: పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకుని గుణించి 144తో భాగించాలి.

దుంగల లెక్క వేరు. నడుమ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, దాన్ని నాలుగో వంతు చేసి, ఆ అంకెను దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవైతే నాలుగో వంతు 12, అంటే సరిగ్గా 8 ఘనపుటడుగులు. నిజానికి అంత దుంగలో 10 పైచిలుకు ఉంటుంది. కొనేవాళ్ళకు లాభం అనిపిస్తుంది గానీ పక్క చెక్కలు, తెలుపు, రంపపు పొట్టు పోగా చేతికొచ్చే సైజులు 8 కూడా రావు, 5, 6 వస్తే బాగా వచ్చినట్టు. దుంగ కొని కోయిస్తే చౌక అని ఎవరైనా చెప్తే, ఈ తరుగు తీసేశాక కోత కూలి కలిపి లెక్క వేయండి. బెరడు మీద కొలిచారా తీసేసి కొలిచారా అన్నది కూడా అడగండి.

ఇంకొక చోట జాగ్రత్త. 5×3 అన్నది కోత కొలత. నాలుగు వైపులా చిత్రిక పట్టాక 4¾×2¾ అవుతుంది. ఇది మోసం కాదు, పద్ధతి. కావలసింది చిత్రిక తర్వాత 5×3 అయితే ముందే చెప్పాలి, దానికి ధర వేరు.

రకం

పేర్లలోనే ఎక్కువ గందరగోళం. సీపీ టేకు అంటే పాత సెంట్రల్ ప్రావిన్సెస్ అడవుల టేకు. ఆ రాష్ట్రం 1950లో మధ్యప్రదేశ్ అయింది, పేరు అడితిలో నిలిచిపోయింది. బల్లార్షా టేకు మహారాష్ట్ర చంద్రపూర్ వైపుది. ఇవి రెండూ నిజమైన టేకులే, ఊరి పేర్లు. ఆఫ్రికన్ టేకు అన్నది మాత్రం రెండు రకాలుగా వాడుతున్నారు. ఆఫ్రికాలో పెంచిన అసలు టేకుకూ అదే పేరు, టేకుతో చుట్టరికమే లేని వేరే మాన్లకూ అదే పేరు. "చెట్టు టేకేనా, పెరిగింది మాత్రమే అక్కడా?" అని అడగండి. మలేషియా సాల్ కూడా మన సాల్, అంటే గుగ్గిలం చెట్టు, కాదు.

మన పేర్లలోనూ చూసుకోవాలి. మద్ది అంటే నల్లమద్దా, ఏటిగట్టున పెరిగే తెల్లమద్దా? సైజులకు మంచిదని పేరున్నది నల్లమద్ది, టేకు కంటే బరువు. దేవదారు అన్న పేరు హిమాలయాల చెట్టుకూ ఉంది, మన అడవుల్లో పొదలా పెరిగే చిన్న చెట్టుకూ ఉంది. ఇరుగుడు, జిట్రేగి, రోజ్‌వుడ్ మూడూ ఒక చెట్టే. ఎర్రచందనానికి చందనం అని పేరున్నా వాసన ఉండదు, నీటిలో వేస్తే మునుగుతుంది. గంధపుచెక్క వేరే చెట్టుది. ఎర్రచందనం ఫర్నిచరు అని ఎవరైనా తక్కువకు ఇవ్వజూపితే అక్కడి నుంచి వచ్చేయండి.

టేకును గుర్తుపట్టడం: కొత్తగా గీకిన చోట తోలు లాంటి వాసన, వేలికి లేత జిడ్డు. అడ్డకోతను పదునైన బ్లేడుతో శుభ్రంగా కోస్తే ఒక్కొక్క వలయం వెంట సన్నని రంధ్రాలు వరస కట్టి కనిపిస్తాయి. బరువు కూడా చెప్తుంది. ఆరిన టేకు ఘనపుటడుగు 18 కిలోల చుట్టూ ఉంటుంది. అడుగు పొడవున్న 5×3 ముక్క ఇంచుమించు 2 కిలోలు తూగాలి. రెండున్నర దాటితే పచ్చిదో, టేకు కానిదో.

పట్టా భూమిలో పెరిగిన టేకైనా నరకడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి కావాలి. ఆ కాగితం, దుంగల తల మీద సుత్తి ముద్ర అడగడానికి మొహమాటపడకండి. ముఖ్యంగా ఊళ్ళో ఎవరో చెట్టు కొట్టించి నేరుగా ఇస్తానన్నప్పుడు.

పుచ్చు, కుళ్ళు, డొల్ల, ముడి

పుచ్చు పురుగు పని. సూదిమొన అంత రంధ్రాలు, కింద మెత్తటి పిండి. కుళ్ళు చెమ్మ పని, గోరుతో నొక్కితే దిగుతుంది. డొల్ల అంటే లోపల ఖాళీ, సుత్తి పిడితో కొడితే బోలుగా మోగుతుంది. నిలబడ్డ చెట్టులో ఖాళీ బయటికి తెరుచుకుంటే తొర్ర. ముడిలో రెండు రకాలు. చుట్టూ కర్రతో కలిసిపోయిన ముడి అందమే, పరవాలేదు. చుట్టూ నల్లటి గీత ఉన్న ఎండు ముడి చిత్రిక పట్టేటప్పుడో తర్వాతో ఊడిపోతుంది. దాన్ని లప్పంతో పూడ్చి రంగు వేసి ఇస్తారు. వేలితో తట్టి చూడండి.

పాత ఇల్లు కూల్చిన కర్ర దొరికితే వదులుకోకండి. దశాబ్దాలు ఆరిన కర్ర అది. దూలం అంటే గోడ నుంచి గోడకు బరువు మోసినది, లావుగా ఉంటుంది, గుమ్మాలకు సైజులు అందులోంచే వస్తాయి. వాసాలు దూలం మీద నుంచి చూరుకు వాలినవి, పడుకుని పైకి చూస్తే లెక్కపెట్టగలిగేవి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అన్నది అందుకే. అవి సన్నవి, పట్టెలకు సరిపోతాయి. రాయలసీమ మిద్దెల్లో వాసాల బదులు దూలం మీద అడ్డంగా పరిచిన దంతెలుంటాయి. కొనేటప్పుడు గోడలో దిగి ఉన్న చివరలు 9 అంగుళాలు లెక్కలోంచి తీసేయమనండి, కుళ్ళు అక్కడే. మేకులన్నీ పీకించి, అయస్కాంతంతో వెతికి ఆ తర్వాతే మిల్లుకు పంపండి. ఒక్క మేకు తగిలితే రంపం తెగుతుంది, ఆ ఖర్చు మీ మీదే వేస్తారు.

ఇక మీ ప్రధాన ద్వారం 7×4 అడుగులన్నారు. దాని ద్వారబంధం గడపతో సహా 5×4 సైజు అనుకుంటే: నిలువులు రెండు, ఒక్కొక్కటి 7 అడుగుల 3 అంగుళాలు, పైదీ గడపా చెరి నాలుగున్నర అడుగులు. మొత్తం 23½ అడుగులు. 23½ × 5 × 4 ÷ 144, అంటే 3.26 ఘనపుటడుగులు. మూడున్నరకు మించి బిల్లు వేస్తే లెక్క చూపించమనండి. బిల్లు మీద ఈ వరస రాయించుకుని సంతకం చేయించండి: "బల్లార్షా టేకు, చేవ, తెలుపు ఒక్క మూల అర అంగుళం లోపు, తేమ 12 శాతం లోపు, కోత సైజు 5×4, 3.26 ఘనపుటడుగులు, నడిమి బెండు ఉన్న ముక్కలు వాపసు."